నాలుక మలుపు

బొగొతా నుంచి పాతియోస్ కొండ ఎక్కే దారిలో ఆరో మలుపు దగ్గర సైకిల్ తొక్కేవాడెవడికైనా నాలుక బయటికి రావాల్సిందే. బ్యాంకు మేనేజరనీ లేదు, కాలేజీ కుర్రాడనీ లేదు. దారి అక్కడ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, ఊపిరి అందదు, ఎంతటివాడైనా కళ్ళు తేలేస్తాడు. ఆ మలుపులో రోడ్డు వారనున్న రాయి మీద స్పాంజి ముక్క వేసుకుని, ఒళ్ళో కెమెరా పెట్టుకుని, అయిదేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున్న యోలిమా క్వెర్వో కూర్చుంటోంది. ఎక్కేవాళ్ళందరినీ ఫోటోలు తీసి, ఇంటికెళ్ళి తన పేజీలో పెడుతుంది. ఎవరి ఫోటో వాళ్ళు వెతుక్కుని, నచ్చితే కొనుక్కుంటారు.

ఆ చోటు ఆమె ఏరికోరి తెచ్చుకున్నది కాదు. కొండ మీద ఫోటోలు తీసేవాళ్ళు చోట్లు ఎప్పుడో పంచేసుకున్నారు. పైన టోల్ గేటు దగ్గర విల్మార్ ఉంటాడు. అక్కడికి చేరేసరికి అందరూ చేతులు పైకెత్తి నవ్వుతారు కాబట్టి వాడి ఫోటోలు ఇట్టే అమ్ముడవుతాయి. ఊరంతా కిందికి కనిపించే మలుపు ఇద్దరు అన్నదమ్ములది. అందరికంటే వెనక వచ్చిన యోలిమాకి మిగిలింది ఏడుపుమొహాల మలుపు. మొదటివారం ఫోటోలు పేజీలో పెట్టిందో లేదో, "అమ్మా, అది తీసెయ్యండి, మా ఆవిడ చూస్తే నా పరువు గంగలో కలుస్తుంది" అని మెసేజీలు.

యోలిమా తీసెయ్యలేదు. ఆమె మామూలు మొండిది కాదు. పేజీకి 'నాలుక మలుపు' అని పేరు పెట్టి, ప్రతివారం అన్నిటిలోకీ ఘోరమైన మొహాన్ని ఏరి ముందు పెట్టి, "ఈ నాలుక ఎవరిదో చెప్పుకోండి చూద్దాం" అని రాసింది. ఇక స్నేహితులు స్నేహితుల్ని పట్టిచ్చారు. ఒకడి పేరు కింద పదిమంది నవ్వితే, ఆ నవ్వినవాడు తన మొహం కూడా ఎక్కడైనా ఉందేమోనని భయపడుతూ ఆల్బంలోకి దిగేవాడు. ఆల్బంలు అరగంటకొకటి. "ఏడూ పది ప్రాంతం, ఎర్ర చొక్కా, పసుప్పచ్చ టోపీ, పక్కన బావమరిది" అని రాసి పంపితే చాలు, ఆమె వెతికి పెట్టేది.

గ్రంథాలయంలో శనివారాలు ఉచితంగా చెప్పే ప్రచారం క్లాసుకి కూడా వెళ్ళింది. ఏ ఫోటోకి ఏం రాయాలి, ఏ వేళప్పుడు పెట్టాలి, ఎవరెవరి పేర్లు తగిలించాలి అన్నీ రాసుకొచ్చి ఫ్రిజ్ తలుపు మీద అతికించింది. "కొనేవాళ్ళని మీ పేజీ ఎక్కడ చూశారో అడగండి" అని పంతులుగారు చెప్పారు. అడిగితే సగంమంది ఒకటే జవాబు: "రొట్టె తింటుంటే కనబడింది." ఓహో, జనం పొద్దున రొట్టె తింటూ ఫోను చూస్తారన్నమాట అనుకుని, ఆనాటి నుంచి ఆల్బంలు ఆదివారం సాయంత్రం కాకుండా సోమవారం పొద్దున ఏడింటికి, ఊరు ఊరంతా రొట్టె కాఫీలో ముంచుకునే వేళకి పెట్టడం మొదలుపెట్టింది. ఫాలోవర్లు పంతొమ్మిది వేలు దాటారు. ఆ పేజీ చూసే పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ పిలిచేవాళ్ళు. తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆమెకి ఒళ్ళు మండేది ఒక్క విషయంలోనే. పేజీలో పెట్టే ప్రతి ఫోటో మీదా అడ్డంగా 'నాలుక మలుపు' అని పెద్ద అక్షరాలు ఉంటాయి. డబ్బు పంపినవాళ్ళకి ఆ అక్షరాలు లేని శుభ్రమైన ఫోటో ఇస్తుంది. కొందరు అదేం లేకుండా, పొట్ట మీద అక్షరాలున్న ఫోటోనే స్క్రీన్‌షాట్ తీసి దర్జాగా వాడేసుకునేవాళ్ళు. అలాంటివాళ్ళ మొహాలన్నీ వరసగా పేర్చి పేజీలో 'దొంగల గోడ' అని ఒక ఆల్బం కట్టింది. ఆ గోడ మీద మొట్టమొదటి మొహం దోన్ అబ్దెనాగోది.

దోన్ అంటే అక్కడ పెద్దవాళ్ళ పేరుకి ముందు తగిలించే 'గారు'. దోన్ అబ్దెనాగోకి డెబ్భై దాటాయి. ఆయన ఇనప సైకిలు ఆయనకంటే కాస్త చిన్నదేమో. ఆరో మలుపు రాగానే దిగిపోయి, ముసలి ఆవుని తోలుకెళ్ళినట్టు సైకిల్ని నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్ళేవాడు. కెమెరా ముందుకి వచ్చేసరికి ఆగి, టోపీ తీసి, తల వంచేవాడు. సోమవారం తన ఫోటో కింద తప్పకుండా ఒక మాట రాసేవాడు: "దేవుడు చెల్లిస్తాడు తల్లీ." తన ఫోటో కిందే కాదు, ఊరూ పేరూ తెలియని మరో పదిపదిహేనుమంది ఫోటోల కింద కూడా అదే మాట. ఆ కొండల్లో పెద్దవాళ్ళు కృతజ్ఞత చెప్పే తీరే అది. యోలిమా అమ్మమ్మ కూడా గ్లాసెడు నీళ్ళిచ్చినా అదే అనేది. కానీ అయిదేళ్ళలో ఒక్క ఫోటో కొనని మనిషి, తన ప్రొఫైల్ బొమ్మగా ఆమె తీసిన ఫోటోనే అక్షరాలతో సహా పెట్టుకున్న మనిషి, ఆ మాట అంటే ఎవరికైనా కాలుతుంది కదా!

"ఏంటక్కా, ఆ దేవుడు ఈ నెలైనా చెల్లించాడా?" అని విల్మార్ ఏడిపించేవాడు.

"ఆయన ఖాతా ఏ బ్యాంకులో ఉందో కనుక్కుంటున్నా. నీకూ వాటా ఇస్తాలే, నోర్ముయ్."

ఒకసారి ఉండబట్టలేక ఆయన వ్యాఖ్య కిందే రాసేసింది: "దోన్ అబ్దెనాగో, ఆ దేవుడి ఫోన్ నంబరు పంపండి, చెల్లించమని నేనే అడుగుతాను." జనం పగలబడి నవ్వారు. ఆయన మాత్రం రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, దాని కింద మళ్ళీ "దేవుడు చెల్లిస్తాడు తల్లీ" అని రాశాడు. యోలిమా పళ్ళు కొరుక్కుంది.

ఆగస్టులో ఒక గురువారం, పొద్దున పదింటికి బంగాళాదుంపలు తొక్క తీస్తుంటే ఫోనులో ఒక మెసేజీ వచ్చింది. పైన డాలు బొమ్మ, దాని మీద తాళం బొమ్మ, చూడ్డానికి పెద్ద ఆఫీసు నుంచి వచ్చినట్టే ఉంది. "మీ అనుమతి లేకుండా మీ ఫోటోలు వాడుతున్నవారు మూడు వందల పన్నెండు మంది. వారందరినీ తొలగించాలంటే ఇక్కడ నొక్కండి" అని రాసి ఉంది. ఇంకే మెసేజీ అయినా యోలిమా పడేది కాదు. లాటరీ తగిలిందంటే నవ్వి ఊరుకునేది. దొంగల పేరెత్తేసరికి ఆమెకి వెనకా ముందూ కనిపించలేదు. తడిచేతులతోనే నొక్కింది. పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చింది. మొదట తొలగించాల్సినవాడి పేరు రాయమంటే 'అబ్దెనాగో' అని రాసింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి నాలుక మలుపులో నాలుకలు లేవు, నల్ల కళ్ళద్దాల ప్రకటనలున్నాయి. సాయంత్రానికి పేజీ పేరే మారిపోయింది. అయిదేళ్ళ ఆల్బంలు, పంతొమ్మిది వేలమంది, దొంగల గోడ, అన్నీ పోయాయి. డిస్కులో చోటు చాలక పాత ఫోటోలు ఎప్పటికప్పుడు చెరిపేసేది కాబట్టి ఇంట్లోనూ ఏమీ మిగల్లేదు. ఫిర్యాదులు పంపితే "పరిశీలిస్తున్నాం" అన్న మాట తప్ప మరో జవాబు రాలేదు. తన కోపాన్నే ఎరగా వేసి తననే పట్టేశారన్న సిగ్గు యోలిమాని పేజీ పోయిన దుఃఖం కంటే ఎక్కువ తినేసింది.

'నాలుక మలుపు రెండు' అని కొత్త పేజీ తెరిచింది. మూడు వారాలకి నలభై ముగ్గురు చేరారు. అందులో పదకొండుమంది చుట్టాలు. ఒక అట్టముక్క మీద కొత్త పేరు రాసి మలుపులో ఇనప కమ్మీకి కట్టింది కానీ, అక్కడ ఊపిరే ఆడనివాడు అట్టలేం చదువుతాడు! పుట్టినరోజులకి పిలిచేవాళ్ళు కూడా ఆగిపోయారు. పేజీలో కనబడని ఫోటోగ్రాఫరు ఉన్నట్టా లేనట్టా?

వదిన ఫానీ ఒక క్లినిక్‌లో గదులు శుభ్రం చేసేవాళ్ళకి పెద్ద. అక్కడ ఒక చోటు ఖాళీ అయింది.

"నీ మంచికే చెప్తున్నా యోలిమా," అంది. "నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుతుంది. ఆదివారాలు మాత్రం రావాలి, సెలవు మంగళవారం. సోమవారం పొద్దున ఎనిమిదిలోపు అవునో కాదో చెప్పు. నీ కోసం ఎంతకాలం ఆపమంటావు?"

"మంగళవారాలు కొండెవరెక్కుతారు వదినా?"

"ఎవరూ ఎక్కరు. నువ్వూ ఎక్కక్కర్లేదు. ఆ రాయి మీద కూర్చుని కూర్చుని నీ నడుం పోయింది, ఇప్పుడు పేజీ కూడా పోయింది. ఇంకేం మిగిలిందే?"

ఫానీ కటువుగా మాట్లాడుతుందే గాని చెడ్డది కాదు, ఆ చోటు కోసం ఇద్దరితో పోట్లాడి అట్టేపెట్టింది. ఆ సంగతి యోలిమాకి తెలుసు.

ఆ ఆదివారం చివరిది అనుకునే వెళ్ళింది. చలి, మంచు, రాయి మీద తడి. ఆరున్నరకి మొదటి గుంపు వచ్చింది. అలవాటు కొద్దీ తీసింది. ఏడున్నరకి ఒకడు నాలుక బయటపెట్టుకునే, "యోలిమా! ...కొత్త... పేజీ!" అని మూడు ఊపిరుల్లో అరిచి వెళ్ళిపోయాడు. ఎవడో తెలిసినవాడేమో అనుకుంది. వెనకాలే ఇంకొకడు, "చేరాను!" అన్నాడు. ఎనిమిదికి నలుగురు ఆడవాళ్ళు ఒకేసారి చేతులూపారు. వాళ్ళలో నారింజరంగు చొక్కా ఆవిడ, ఆ మలుపులో ఎవరూ చెయ్యని పని చేసింది. ఆగింది.

"మీరేనా... నాలుకమ్మ?" అంది రొప్పుతూ.

"నేనే. మీకెలా తెలుసు?"

"గోడ మీద... ఉందిగా. కొత్త పేజీ పేరు. మీరిక్కడే ఉంటారని కూడా..." సైకిలు మీద వాలిపోయి ఊపిరి పీల్చుకుంది. "అయ్యో, ఇక మళ్ళీ ఎక్కడం నావల్ల కాదు. ఒక్క తోపు తొయ్యండి తల్లీ, పుణ్యముంటుంది."

"ఏ గోడ?"

"రొట్టెల కొట్టు గోడ!"

యోలిమా ఆవిణ్ణి వెనక నుంచి తోసింది. ఆమె వెళ్ళిపోయింది. రొట్టె. ఆ మాట ఎక్కడో తగిలింది గాని ఎక్కడో గుర్తు రాలేదు. ఫోను తీసి చూస్తే కొత్త పేజీలో ఎనిమిది వందల మంది ఉన్నారు.

తొమ్మిదికి దోన్ అబ్దెనాగో సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. టోపీ తీసి తల వంచాడు. ఎప్పటిలాగే కమ్మీకి కట్టిన అట్ట దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ దాన్ని చదువుకున్నాడు. ఎక్కేవాళ్ళు వందలమంది ఉంటే, ఆ అట్ట చదివేటంత నెమ్మదిగా వెళ్ళేవాడు ఆయన ఒక్కడే. ఆయన వంపు తిరిగి కనిపించకుండా పోయాక గాని యోలిమాకి ఆ సంగతి తట్టలేదు.

పదకొండింటికి కెమెరా సర్దేసి, పైకి నడిచి, విల్మార్ మోటారుసైకిలు వెనక ఎక్కింది.

"రొట్టెల కొట్టు ఎక్కడుందిరా?"

"ఏ కొట్టు? ఇటు దిగితే లా కలేరా ఊరి దాకా ఇరవై ఉన్నాయి."

"సైకిళ్ళు ఎక్కువ ఆగి ఉన్నచోట ఆపు."

మూడు కిలోమీటర్లు దిగాక కనబడింది. నీలం తలుపులు, బయట ముప్ఫై నలభై సైకిళ్ళు. లోపల వేడి బెల్లం నీళ్ళ వాసన, చీజ్ బన్నుల వాసన. జనం కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ బల్లల వైపు చూడటం లేదు, అందరూ ఎడమపక్క గోడ వైపు తిరిగి ఉన్నారు.

గోడ నిండా నాలుకలు. నేల నుంచి కప్పు దాకా ఆమె ఫోటోలు, నాలుగు వందలకి తక్కువుండవు. మామూలు కాగితం మీద అచ్చు వేసి, ఆవిరికి అంచులు ముడుచుకుపోయినవి కొన్ని, రంగు వెలిసినవి కొన్ని. ప్రతి దాని మీదా అడ్డంగా ఆమె పేజీ పేరు. కిందటి క్రిస్మస్‌కి ఒకేసారి డజను ఫోటోలు కొన్న డాక్టరు ఆ గోడ మీదున్నాడు. చెల్లెలి పెళ్ళికి పిలిచిన ఇంజనీరమ్మాయి ఉంది. అన్నిటికీ పైన కొత్త అట్ట, దాని మీద బొగ్గు లాంటి నల్ల మార్కరుతో పెద్దపెద్ద అక్షరాలు: "నాలుక మలుపు అమ్మగారి పేజీని దొంగలు ఎత్తుకుపోయారు. ఆవిడ ఇప్పుడు 'నాలుక మలుపు రెండు'లో ఉన్నారు. ఆరో మలుపు, రాయి మీద. వెళ్ళి పలకరించండి."

రొట్టె తింటుంటే కనబడింది! యోలిమాకి ఫ్రిజ్ తలుపు, దాని మీద అతికించిన సూత్రాలు, సోమవారం ఏడు గంటలు అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. "ఓరి నాయనో, నా తెలివి తెల్లారినట్టే ఉంది," అంది పైకే.

దోన్ అబ్దెనాగో సైకిలు నిక్కరు మీదే ఏప్రాన్ కట్టుకుని బన్నుల పళ్ళెంతో లోపలి నుంచి వచ్చాడు. ఆమెని చూసి పళ్ళెం దించేసి, తల మీద టోపీ లేకపోయినా తియ్యబోయాడు.

"తల్లీ! మీరా? ఎస్నేదా, ఎవరొచ్చారో చూడవే! కుర్చీ తుడువు!"

గల్లా దగ్గరున్న కూతురు ఎస్నేదా పరుగున వచ్చింది. యోలిమా కూర్చోలేదు.

"ఇవన్నీ... మీరే పెట్టారా?"

"నేనే. ఎదురుగా పుస్తకాల కొట్టువాడు అచ్చు వేసిస్తాడు, వాడికి రోజూ రెండు బన్నులు. ఇక్కడికొచ్చి తినేవాళ్ళ మొహాలు నాకు తెలుసుగా, ఎవరిది కనబడితే వాళ్ళది తీసి పెడతా. తర్వాతి వారం వచ్చి చూసుకుని ఏం గోల చేస్తారనుకున్నారు! ఎవరు తీశారు, ఎవరు తీశారు అని. పేరు దాని మీదే ఉంది కదా, చదువుకోండి అంటాను."

"మరి ఒక్కటైనా కొనలేదేం?" ఇంకేదో అనబోయి అది అడిగింది.

ఆయన తెల్లబోయాడు. "కొంటే మీ పేరు తీసేసి ఇస్తారట కదమ్మా!"

"అవును, అందుకేగా డబ్బు."

"అదే నాకు అర్థం కాలేదు." ఒక రొట్టె తీసి చూపించాడు, మీద మూడు గీతలున్నాయి. "ఇది నా గుర్తు. మా నాన్న రెండు పెట్టేవాడు, నేను మూడు. ఎవడైనా వచ్చి, డబ్బిస్తాను, గీతలు లేకుండా ఇయ్యి అంటే నేను రొట్టే ఇవ్వను. మరి మీ చేతి పని మీద మీ పేరు చెరిపించడానికి నేను డబ్బివ్వడమేంటి? అది మర్యాదా?"

యోలిమా గోడకేసి చూసింది. అయిదేళ్ళుగా తను తాళం అనుకుని వేసిన అక్షరాల్ని ఈయన సంతకం అనుకున్నాడు.

"దోన్ అబ్దెనాగో, మిమ్మల్ని నేను దొంగల గోడ మీద పెట్టాను. మొదటి వరసలో."

"చూశాను. ఎస్నేదా చదివి వినిపించింది. రెండు రోజులు కోపంగా ఉంది మీ మీద. నేనన్నాను, పిచ్చిపిల్లా, దొంగ అయితే పేరు గీకేసి దాచుకుంటాడు గాని ఊరందరికీ చూపిస్తాడా? ఆవిడకి తెలిసినప్పుడు తెలుస్తుందిలే అని."

"పేజీ పోవడానికి కూడా మీ మీద కోపమే కారణం," అంది యోలిమా. చెప్పక్కర్లేదు, కానీ దాచుకోబుద్ధి కాలేదు. "మిమ్మల్ని తీసేస్తామంటే నొక్కాను. మొదట మీ పేరే రాశాను."

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఏప్రాన్‌తో కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ, బల్ల పట్టుకుని నవ్వాడు. ఎస్నేదా నవ్వింది, విల్మార్ నవ్వాడు. యోలిమా మాత్రం నిలబడినచోటే ఏడ్చేసింది. అది దుఃఖం కాదు. తనకి తెలియకుండా, తను తిడుతుంటే కూడా, ఒక మనిషి అయిదేళ్ళపాటు తన పేరుని భద్రంగా మోసుకొచ్చాడంటే ఆమెకి ఎక్కడ మొక్కాలో తెలియలేదు. ఎస్నేదా బెల్లం నీళ్ళ కప్పు చేతిలో పెట్టి, చీజ్ ముక్క అందులో వేసింది.

"తాగండమ్మా. చల్లారితే చీజ్ అడుగుకి అంటుకుంటుంది."

గోడ ముందు నిలబడ్డ నారింజ చొక్కా ఆవిడ అప్పుడు గుర్తుపట్టి, "ఈవిడే! నన్ను తోసింది ఈవిడే!" అని కేకేసింది. జనం చుట్టూ మూగారు. పాత ఫోటోలు పోయాయని తెలిసి, తమ దగ్గరున్నవి ఉన్నట్టుగా పంపిస్తామన్నారు. అక్షరాలున్నవీ లేనివీ, అందరూ ఏదో ఒకటి దాచుకునే ఉన్నారు. గోడ మీది డాక్టరు కూడా ఆ జనంలోనే ఉన్నాడు, తన డజనూ అక్కడికక్కడే పంపేశాడు.

సోమవారం పొద్దున ఏడింటికి, ఊరు రొట్టె ముంచుకునే వేళకే, యోలిమా ఆల్బం పెట్టింది. ఫ్రిజ్ మీది సూత్రాలన్నీ చింపేసినా ఆ ఒక్కటీ ఉంచుకుంది, అందులో రొట్టె ఉంది కాబట్టి. ముందు ఏ నాలుకా పెట్టలేదు. టోపీ తీసి తల వంచిన దోన్ అబ్దెనాగో ఫోటో పెట్టింది. దాని మీద అడ్డంగా తన పేజీ పేరు ఎప్పటికంటే పెద్దగా వేసి, పక్కన మూడు గీతలు గీసింది.

ఏడున్నరకి వదినకి ఫోను చేసింది.

"రాను వదినా. ఆ చోటు నా కోసం పోట్లాడి ఉంచావు, నీ మేలు మరచిపోను. ఆదివారాలు నాకు కొండ మీద పనుంది."

"మళ్ళీ ఆ రాయేనా?"

"రాయే. ఈసారి రెండు స్పాంజి ముక్కలు వేసుకుంటాలే."

"నీ ఖర్మ," అంది ఫానీ. ఫోను పెట్టెయ్యబోతూ, "ఆ ముసలాయన ఫోటో బావుందే," అంది.

యోలిమా ఫోను పెట్టేసి పేజీ తెరిచింది. ఫోటో కింద అప్పటికే మామూలు మాట ఉంది: "దేవుడు చెల్లిస్తాడు తల్లీ."

ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టి, తడిచేతులు తుడుచుకుని, జవాబు రాసింది. "నంబరు అక్కర్లేదు దోన్ అబ్దెనాగో. ముట్టింది."